దోమ ఒకటే, బుద్ధులు నాలుగు



“నిదానమే ప్రధానం” అన్నారు మన పెద్దలు. ఆ పెద్దలే “ఆలస్యం అమృతం విషం” అని కూడా అన్నారు. ఒక మాట ఆగమంటుంది, ఇంకొక మాట ఆగవద్దంటుంది. చేలో నిలబడి తల గోక్కుంటున్న రైతుకు ఈ రెంటిలో ఏది పనికి వస్తుంది? ఏ రోజున ఏ మాట వినవలెను? ఈ పూట మీతో ముచ్చటించదలచినది ఈ సంగతే.

మామూలుగా నేను పురుగులను గురించో, తెగుళ్లను గురించో, ఎరువులను గురించో చెబుతూ ఉంటాను. ఇవాళ రైతును గురించి చెబుతాను. ఎందుకంటారా? ఒకే ఊళ్లో, ఒకే కాలువ కింద, ఒకే వంగడం నాటిన నలుగురి చేలకు ఒకే పురుగు వచ్చినప్పుడు, ఆ నలుగురూ నాలుగు రకాలుగా నడుచుకోవడం ఏటా చూస్తున్నాను. పుర్రెకో బుద్ధి కదా! పంట దక్కడం మందు మీద కొంత ఆధారపడి ఉంటే, ఆ బుద్ధి మీద మరికొంత ఆధారపడి ఉంటుంది.

ఉదాహరణకు వరిలో వచ్చే సుడిదోమను తీసుకుందాం. ఇది గోధుమరంగు దోమ. ఆకుల మీద కనబడదు. దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైగా చేరి రసం పీలుస్తుంది. గట్టు మీద నుంచి చూస్తే చేను పచ్చగా, కన్నుల పండువగా ఉంటుంది. లోపల దోమ పెరుగుతూనే ఉంటుంది. ఒకనాడు చేను నడుమ సుడి తిరిగినట్టు గుండ్రంగా ఎండుతుంది. దీన్నే మనం దోమపోటు అంటాం. ఆ సుడి కనబడిన తరువాత అది నాలుగు పక్కలకూ పాకడానికి ఎన్నో రోజులు పట్టదు. యూరియా ఎక్కువైన చేలో, నాట్లు బాగా దగ్గరగా పడి గాలీ వెలుతురూ ఆడని చేలో, నీరు ఎప్పుడూ నిలవ ఉండే చేలో దీని ఉద్ధృతి హెచ్చు. బి.పి.టి. 5204, అంటే మన సాంబ మసూరి, ఈ దోమకు తేలికగా లొంగుతుంది. ఎం.టి.యు. 1001 విజేత, ఎం.టి.యు. 1010 కాటన్‌దొర సన్నాలు వంటి రకాలు కొంతవరకు తట్టుకుంటాయి.

ఇక ఈ దోమ వచ్చినప్పుడు మన నలుగురు రైతులు ఏం చేస్తారో చూద్దాం. వాళ్లకు పేర్లు నేనే పెట్టినాను. మీ ఊళ్లో వాళ్లు మీకు కనబడితే తప్పు నాది కాదు.

మొదటివాడు తొందరయ్య. ఉదయం చేలోకి పోతాడు. ఒక దుబ్బు విడదీసి చూస్తాడు. నాలుగు దోమలు కనబడతాయి. కాఫీవేళకు మందుల కొట్టు ముందు ఉంటాడు. “ఏదైనా గట్టి మందు ఇవ్వండి, మధ్యాహ్నానికల్లా కొట్టెయ్యాలి” అంటాడు. సింథటిక్ పైరిత్రాయిడు జాతి మందు ఒకటి చేతికి వస్తుంది. ఆకుల మీద తడిసేట్టు పైపైన కొట్టుకుంటూ పోతాడు. మందు ఆకుల మీద పడింది, దోమ మొదట్లో ఉన్నది. దోమను పట్టి తినే సాలీళ్లు చచ్చినాయి. దోమ గుడ్లను పీల్చే మిరిడ్ నల్లులు చచ్చినాయి. ఆకుతొడిమ లోపల దోమ పెట్టిన గుడ్లు మాత్రం భద్రంగా ఉన్నాయి. వారం పది రోజుల్లో అవి పొదుగుతాయి. ఈసారి వాటిని తినేవాడు చేలో లేడు. “మందు కొట్టిన తరువాత దోమ పెరిగిందండీ, కల్తీ మందు అంటగట్టినారు” అని తొందరయ్య కోపగించుకుంటాడు. మందు కల్తీది కాకపోవచ్చు. ఆ జాతి మందులు సుడిదోమను పెంచుతాయనేది శాస్త్రజ్ఞులు ఏనాడో తేల్చిన సంగతి.

ఒకవేళ సరియైన మందే దొరికినా తొందరయ్యకు చిక్కే. బుప్రోఫెజిన్ అనే మందు ఉన్నది. అది పిల్లదోమ కుబుసం విడవకుండా అడ్డుపడి చంపుతుంది. కొట్టిన మర్నాడు చేను చూస్తే దోమ బతికే ఉంటుంది. మూడు నాలుగు రోజులైనా ఆగితే గాని పని కనబడదు. తొందరయ్య ఆగడు. మర్నాడే మరొక మందు తెచ్చి దాని మీద కొడతాడు. ఖర్చు రెండింతలు, ఏ మందు పనిచేసిందో ఎవరికీ తెలియదు.

ఐతే, తొందరయ్యను చూసి నవ్వకండి. ఊళ్లో దోమ మొదట ఎవరి కంటపడుతుంది? ఆయన కంటనే. రోజూ చేలోకి దిగే మనిషి ఆయన.

రెండవవాడు చూద్దామయ్య. దోమ వచ్చిందంటే “చూద్దాం లెండి” అంటాడు. బావమరిదిని అడుగుతాడు, కొట్టు ఆసామిని అడుగుతాడు, నన్ను అడుగుతాడు, ఈ మధ్య ఫోనులో వీడియోలు కూడా చూస్తున్నాడు. నలుగురు నాలుగు మాటలు చెబుతారు. అయిదో మాట కోసం మరొకరిని వెతుకుతాడు. ఈయనకూ ఒక సుగుణం ఉన్నది. చాలా ఏళ్లలో సాలీళ్లే దోమను అదుపులో ఉంచుతాయి. ఆ ఏళ్లలో చూద్దామయ్యకు రెండు పిచికారీల ఖర్చు మిగులుతుంది, చేనూ బాగానే ఉంటుంది. కాని ఉద్ధృతి నిజంగా వచ్చిన ఏడు, ఆయన చూస్తూ ఉండగానే చేను సుడి తిరుగుతుంది.

ఇక్కడొక మాట చెప్పుకోవలెను. “చూద్దాం” అన్న ప్రతివాడూ స్వభావం చేత అన్నాడనుకోకూడదు. జేబులో డబ్బు లేనివాడు కూడా “చూద్దాం” అనే అంటాడు. కౌలురైతు మందుకు అప్పు పుట్టించుకోవడానికి నాలుగు గడపలు తొక్కవలసి వస్తుంది. ఆ నాలుగు రోజులను మనం ఆయన బద్ధకం కింద లెక్కకట్టడం అన్యాయం.

మూడవవాడు అందరితోపాటయ్య. ఎగువ చేనువాడు మందు కొడితే తానూ కొడతాడు, ఆపితే తానూ ఆపుతాడు. ఇందులోనూ తెలివి లేకపోలేదు. దోమకు గట్లు అడ్డం కాదు. పక్క చేలో దోమ రేగిందంటే మన చేనూ చూసుకోవలసిందే. చిక్కు ఎక్కడంటే, పక్కవాడిది విజేత, తనది సాంబ మసూరి. పక్కవాడి చేను పొట్టమీద ఉన్నది, తనది ఇంకా పిలకల దశలో ఉన్నది. పక్కవాడు యూరియా మూడు దఫాలుగా వేసినాడు, తాను ఒక్కసారే గుమ్మరించినాడు. పక్కవాడి చేనుకు సరిపోయిన నిర్ణయం తన చేనుకు సరిపోతుందా?

నాలుగవవాడు లెక్కలయ్య. దుబ్బులు తట్టి దోమలు లెక్కపెడతాడు. చేతిలో పుస్తకం, చెవిలో పెన్సిలు. ఈయన బంగారం అనుకుంటున్నారా? ఆగండి. దుబ్బుకు 25 దోమలుంటే మందు కొట్టాలని పుస్తకంలో ఉన్నది, చేలో 24 ఉన్నాయని ఆగిపోయేవాడు ఈయనే. గట్టు పక్కన పది దుబ్బులు చూసి, చేను నడుమకు పోకుండానే లెక్క సరిపోయిందనుకునేవాడూ ఈయనే. పైగా తన పుస్తకంలో లేని మాట ఎవరు చెప్పినా చెవిన పెట్టడు.

చూశారా! నలుగురిలో ప్రతివాడికీ ఒక గుణం ఉన్నది, ఒక లోపం ఉన్నది. తొందరయ్యకు చురుకు ఉన్నది, ఓపిక లేదు. చూద్దామయ్యకు ఓపిక ఉన్నది, తెగువ లేదు. ఈ లోకంలో తొందర వల్ల చెడినవారూ ఉన్నారు, ఆలస్యం వల్ల చెడినవారూ ఉన్నారు. రెంటికీ ఒక్కొక్క సాక్ష్యం చెబుతాను.

1960ల నడుమ తైవాను నుంచి తైచుంగ్ నేటివ్-1 అనే పొట్టి వరి రకం మన దేశానికి వచ్చింది. ఎరువు ఎంత వేసినా పడిపోదు, దిగుబడి గొప్పది. కాని అది బాక్టీరియా ఎండాకు తెగులుకు ఇట్టే లొంగిపోయే రకం. మంచి చెడ్డలు తేలకముందే చేనంతా దానితో నింపినవాడు చిక్కున పడినాడు. ఇది తొందరకు సాక్ష్యం. ఆ వెంటనే ఐ.ఆర్-8 వచ్చింది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు గారు 1967లో దానిని సాగుచేసి, మన దేశంలో ఆ రకాన్ని మొదట పండించినవారిలో ఒకరుగా పేరు పొందినారు. అప్పుడు ముందడుగు వేసినవాడే గెలిచినాడు.

ఆలస్యానికి సాక్ష్యం అమెరికాలో ఉన్నది. అక్కడి అయోవా రాష్ట్రంలో సంకర మొక్కజొన్న విత్తనం ఎట్లా వ్యాపించిందో ర్యాన్, గ్రాస్ అనే ఇద్దరు పరిశోధకులు రెండు ప్రాంతాలలో 259 మంది రైతులను అడిగి తెలుసుకుని 1943లో ప్రకటించినారు. 1928 నుంచి 1941 వరకు సాగిన కథ అది. ఇద్దరు తప్ప అందరూ చివరకు ఆ విత్తనం వేసినారు. కొందరు మొదటే వేసినారు, కొందరికి పదేళ్లు పైబడి పట్టింది. విత్తనం సంగతి ఎక్కువమందికి మొదట చెప్పినది అమ్మకందారు. నమ్మకం కలిగించినది మాత్రం పొరుగు రైతు. మన అందరితోపాటయ్య అక్కడా ఉన్నాడన్నమాట!

ఇటువంటి సంగతులన్నీ కూర్చి 1962లో గొప్ప గ్రంథం వ్రాసిన ఎవరెట్ రోజర్స్ అయోవా రైతుబిడ్డడే. ఆయన తండ్రి సంకర విత్తనం వేయలేదు. 1936లో గట్టి కరువు వచ్చింది. పొరుగువారి సంకర మొక్కజొన్న నిలబడింది, వారి చేను వాడిపోయింది. అప్పటికి గాని ఆ తండ్రికి నమ్మకం కుదరలేదు. చిత్రమేమంటే, ఆ తండ్రే కొత్త యంత్రం ఏది వచ్చినా ముచ్చటపడి కొనేవాడట. యంత్రం దగ్గర తొందరయ్య, విత్తనం దగ్గర చూద్దామయ్య! గనుక మనిషికి ఒకే ముద్ర వేయకూడదు. ట్రాక్టరు కొనేటప్పుడు, విత్తనం మార్చేటప్పుడు, పిల్ల పెళ్లి చేసేటప్పుడు ఒకే మనిషి మూడు రకాలుగా ఉండవచ్చు. మీరు ఏ పనిలో తొందరయ్యో, ఏ పనిలో చూద్దామయ్యో ఒక్కసారి మనసులో వేసుకుని చూడండి.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. నిర్ణయాలు రైతు ఒక్కడే చేస్తాడా? సలహా చెప్పేవాడు కూడా చేస్తాడు. నా తప్పు చెప్పకుండా మీ తప్పులు ఎంచడం మర్యాద కాదు.

కొన్నేళ్ల క్రితం ఖరీఫులో ఒక కౌలురైతు నన్ను చేనుకు పిలిచినాడు. రెండెకరాల సాంబ మసూరి, పొట్టదశ. ఇద్దరం దిగి దుబ్బులు తట్టి చూశాం. సగటున దుబ్బుకు ఎనిమిది దోమలు ఉన్నాయి, సాలీళ్లు కూడా బాగానే ఉన్నాయి. “ఇప్పుడే మందు అక్కరలేదు, కాస్త చూస్తూ ఉండండి” అని చెప్పి వచ్చినాను. నేను చెప్పినది శాస్త్రప్రకారం సరియైనదే. కాని ఎవరికి చెప్పినాను? పుట్టుకతో చూద్దామయ్యకు చెప్పినాను. ఏ రోజున మళ్లీ చూడాలో చెప్పలేదు. ఎన్ని దోమలైతే ఇక ఆగకూడదో చెప్పలేదు. ఆయన నా మాటలో “అక్కరలేదు” అన్నంతవరకు పట్టుకున్నాడు.

రెండు వారాలు తిరిగేసరికి చేలో మూడు చోట్ల సుడులు పడినాయి. కబురు వచ్చి నేను వెళ్లేసరికి అరెకరం పైగా ఎండు గడ్డి ఐపోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. “మీరు చూస్తూ ఉండమన్నారు గదండీ, చూస్తూనే ఉన్నానండీ” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉన్నది. పంట పోయినా కౌలు పోదు కదా! ఆ ఏడు కౌలు బస్తాలు కొలిచిన తరువాత ఆ ఇంటికి తిండిగింజలు కొనుక్కోవలసిన గతి పట్టింది.

అక్కడే ఉన్న ఆయన భార్య నెమ్మదిగా ఇంకొక సంగతి చెప్పింది. “వారం కిందటే రాత్రిపూట దీపం చుట్టూ ఈ దోమ ముసురుతున్నదండీ, గట్టు గడ్డి కోసేటప్పుడు కూడా చీరకు అంటుకున్నది. చెబితే, ఆఫీసరు గారే అక్కరలేదన్నారులే అన్నారు.” రెక్కలున్న సుడిదోమ దీపానికి వస్తుంది. అది శాస్త్రం చెప్పే గుర్తే. ఆ ఇంట్లో దోమను కనిపెట్టిన మనిషి ఉన్నది. ఆమె మాట నిర్ణయం దాకా రాలేదు.

ఆ తరువాతనే నేను నా పద్ధతి మార్చుకున్నాను. దాని సారం ఒక్క మాటలో చెబుతాను: దోమ వచ్చిన తరువాత నిర్ణయించుకోవద్దు, రాకముందే నిర్ణయించుకోండి. భయం పట్టినవేళ మన స్వభావం మన చేత పని చేయిస్తుంది. తొందరయ్య ఇంకా తొందరపడతాడు, చూద్దామయ్య ఇంకా వెనకాడతాడు. మనసు చల్లగా ఉన్నప్పుడు, అంటే నాట్లు వేసేనాడే, ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక కాగితం మీద నాలుగు మాటలు వ్రాసి గోడకు అంటించుకోవలెను.

మొదటి మాట: ఎప్పుడు చూడాలి? పిలకల దశ నుంచి వారానికొక రోజు పెట్టుకోండి. దోమ కనబడడం మొదలైతే మూడు నాలుగు రోజులకొకసారి చూడండి. చేనుకు అడ్డంగా ఒక మూల నుంచి ఎదుటి మూలకు నడుస్తూ 20 దుబ్బులు తట్టి, నీటి మీద రాలిన దోమలను లెక్కించండి. మొత్తం 240 వచ్చినాయనుకోండి, 20తో భాగిస్తే దుబ్బుకు 12 అన్నమాట.

రెండవ మాట: ఎన్నైతే ఆగకూడదు? పిలకల దశలో దుబ్బుకు 10 నుంచి 15, కంకి వేసే దశ నుంచి 20 నుంచి 25 దోమలు కనబడితే మందు కొట్టవలసిన హద్దు వచ్చినట్టే. ఈ సంఖ్య తొందరయ్యకు కళ్లెం, చూద్దామయ్యకు ములుగర్ర. లెక్కలయ్యకు ఒక మనవి: సంఖ్య ఒక్కటే కాదు, నడక కూడా చూడండి. మొదట 8, నాలుగు రోజులకు 15, మరి నాలుగు రోజులకు 22 వచ్చినాయంటే 25 కోసం కాచుకుని కూర్చోవద్దు.

మూడవ మాట: హద్దు వస్తే ఏ పని ముందు? మొదట చేలో నీరు తీసివేసి ఆరబెట్టండి. యూరియా వేయడం ఆపండి. మందును వ్యవసాయాధికారిని అడిగి ఎంచుకోండి. సుడిదోమకు పైరిత్రాయిడు జాతి మందులు వద్దు. కొట్టేటప్పుడు పాయలు తీసి, దుబ్బుల మొదళ్లు బాగా తడిసేట్టు కొట్టండి. కొట్టిన తరువాత ఎన్నవ రోజున ఫలితం చూడాలో ముందే అడిగి వ్రాసుకోండి. ఆ రోజు వచ్చేదాకా మరొక మందు ముట్టవద్దు.

నాలుగవ మాట: ఎవరు, దేనితో? చూసేది ఎవరు, కొట్టేది ఎవరు, డబ్బు ఎక్కడిది? ముఖ్యంగా కౌలుకు చేసేవారు ఒక పిచికారీకి సరిపడే సొమ్ము ముందుగానే పక్కన పెట్టుకోగలిగితే నాలుగు గడపలు తొక్కే నాలుగు రోజులు మిగులుతాయి. ఇంట్లో ఆడవారి కంటికి ఏది కనబడినా అది కూడా ఆ కాగితం మీదకు రావలెను.

మనసు చల్లగా ఉన్నప్పుడు చేసే నిర్ణయాలలో అన్నింటికంటె చవకైనది మరొకటున్నది. నాటేటప్పుడే ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదలండి. గాలీ వెలుతురూ మొదళ్లకు తగులుతాయి, మందు కొట్టడానికి దారి ఉంటుంది. తొందరయ్య కొట్టినా మందు మొదట్లో పడుతుంది.

ఇది ఒక్క రైతు సంగతే కాదు. ఇండోనేషియా దేశంలో ఈ సుడిదోమ మీద మందులు విపరీతంగా కొట్టగా దోమ ఇంకా రేగింది. చివరకు 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద 57 మందుల వాడకాన్ని నిషేధించింది. 1989లో రైతులను చేను గట్టునే కూర్చోబెట్టి, పురుగులనూ మిత్రపురుగులనూ లెక్కించి, నలుగురూ చర్చించి నిర్ణయించే బడి అక్కడ మొదలైంది. మన వైపు పొలంబడి అని మనం పిలుచుకున్నది ఆ పద్ధతినే. అందులో గొప్ప ఏమిటంటే, తొందరయ్య చూపు, చూద్దామయ్య ఓపిక, లెక్కలయ్య పుస్తకం ఒకచోట కూడుతాయి. అందరితోపాటయ్యకు వెంట నడవడానికి మంచి దారి దొరుకుతుంది.

తోటి విస్తరణ కార్యకర్తలకు కూడా ఒక మనవి. ఒకే సలహాను అందరికీ ఒకే మాటల్లో చెప్పవద్దు. తొందరయ్యకు “ఫలానా రోజు దాకా ఆగండి” అని చెప్పండి. చూద్దామయ్యకు “ఫలానా రోజున ఇన్ని ఉంటే ఇక ఆగవద్దు” అని చెప్పండి. “చూస్తూ ఉండండి” అన్న మాట మాత్రం మన నోటి వెంట రాకూడదు. దానికి తేదీ ఉండవలెను, అంకె ఉండవలెను. వీలైతే ఆ తేదీన మనమే ఆ గట్టు మీద ఉండవలెను.

ఇంతకూ, మొదట అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి కదా! పెద్దల మాటలు రెండూ నిజమే. హద్దు రానంతవరకు నిదానమే ప్రధానం. హద్దు వచ్చిన తరువాత ఆలస్యం అమృతం విషం. ఆ హద్దు ఏదో తెలిసి ఉండడమే మనకు కావలసిన తెలివి. రేపు ఉదయం చేలోకి పోయినప్పుడు గట్టు మీద నిలబడి రాకండి. దిగి, 20 దుబ్బులు తట్టి, వచ్చిన అంకె ఇంటికి తీసుకుపోయి అందరికీ చెప్పండి.